ఎయిర్ పిస్టల్ పెల్లెట్: తల కొలత 4.49 తీసుకోవాలా, 4.50 తీసుకోవాలా?

సుబేదారి నాన్న:
మా అమ్మాయి హనుమకొండలోని ఒక రేంజ్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. క్లబ్బు ఇచ్చే పెల్లెట్లు అయిపోతున్నందున సొంతంగా కొనుక్కోమన్నారు. హైదరాబాద్ దుకాణంలో ఒకే కంపెనీ డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని మూడు కొలతలు ఉన్నాయి. కోచ్ 4.50 అన్నారు, మరో తండ్రి 4.49 అన్నారు. వీటిలో ఏది కొనాలో దయచేసి చెప్పగలరు.

కాజీపేట టర్నర్:
డబ్బా మీది అంకెను చూసి కొనకండి. ఆ అంకె పెల్లెట్ తల వ్యాసం, మి.మీ.లలో. తల బ్యారెల్ లోపల మెలికగా చెక్కిన గాడుల మధ్య గట్లను ఆనుకొని పెల్లెట్‌ను మధ్యలో నిలుపుతుంది. వెనకాల బోలుగా ఉండే స్కర్ట్ తల కన్నా వెడల్పుగా, పలుచగా ఉంటుంది కనుక, గాలి ఒత్తిడికి అది గోడకు అతుక్కొని గాలిని పక్కనుంచి పోనివ్వదు. తల మరీ వదులైతే పెల్లెట్ లోపల కొద్దిగా ఒరుగుతుంది, మరీ బిగువైతే ఒత్తిడి వృథా అయి వేగం ఒక్కో దెబ్బకు ఒక్కో తీరుగా ఉంటుంది. ఈ రెంటి నడుమ మీ బ్యారెల్‌కు ఏది కుదురుతుందన్నది ఆ బ్యారెల్ మాత్రమే చెప్పగలదు. పిస్టల్‌ను కదలకుండా పట్టే వైస్‌లో బిగించి, ఒక్కో రకంతో అయిదేసి దెబ్బల గ్రూపులు అనేకం కొట్టి చూడాలి. ఒక్క గ్రూపు బాగా వచ్చిందని తీర్పు ఇచ్చేస్తే అది అదృష్టాన్ని కొలిచినట్టే అవుతుంది.

మెట్టుగుట్ట:
4.50 కొనండి సార్, అందరూ కొడుతున్నది అదే.

కరీంనగర్ తండ్రి:
టర్నర్ గారి ఉపన్యాసం బాగానే ఉంది కానీ అసలు సూత్రం ఆయన చెప్పలేదు. 9 మి.మీ. పిస్టల్ తూటాలను మళ్లీ నింపుకునే దేశాల్లో రాగి తొడుగు ఉన్న గుండుకు 0.355 అంగుళాలు వాడితే, ఉత్త సీసపు గుండుకు 0.356 వాడతారు. సీసం ఎప్పుడూ కొంచెం పెద్దదే ఉండాలి. మన పెల్లెట్ కూడా సీసమే కదా? మా బాబుకు 4.49 అంటగట్టారు, జిల్లా ఎంపికలో ఒక్క పాయింటుతో పోయింది. వెర్నియర్‌తో కొలిస్తే అదే డబ్బాలో 4.52 ఉన్నవి కూడా కనిపించాయి.

కాజీపేట టర్నర్:
అన్నా, ఆ గుండు గట్టి ముద్ద, దానికి స్కర్ట్ ఉండదు, కనుక గాడి అడుగు దాకా నిండవలసింది దాని ఒళ్లే. అక్కడ కూడా లెక్క కొలతతోనే మొదలవుతుంది. మెత్తటి సీసాన్ని బ్యారెల్ గుండా నెట్టి, బయటకు వచ్చిన దాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ గాడి వ్యాసం కన్నా ఒక వెయ్యో వంతు అంగుళం ఎక్కువ ఎంచుకుంటారు. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు నింపుకోవడం నేరం కనుక ఆ పోలిక మనకు అక్కరకు రాదు. ఇక వెర్నియర్ సంగతి: మామూలు వెర్నియర్ కొలవగలిగిన అతి చిన్న పరిమాణమే 0.02 మి.మీ. మీరు తేడా పట్టాలనుకుంటున్నది 0.01. పైగా దాని దవడల మధ్య సీసం నొక్కుకుపోతుంది. ఆ కొలతను ఏ వర్క్‌షాప్‌లోనూ ఒప్పుకోరు.

కరీంనగర్ తండ్రి:
నేను వెర్నియర్ గురించి అడగలేదు. పెద్ద పెల్లెట్ పెద్ద రంధ్రం చేస్తుంది, రంధ్రం అంచు గీతను తాకితే పై అంకె ఇస్తారు. ఒక్క పాయింటు అలాగే వచ్చేది.

మంచిర్యాల జ్యూరీ:
ఎలక్ట్రానిక్ టార్గెట్ దెబ్బ పడిన కేంద్రాన్ని గుర్తించి, 4.5 మి.మీ. ప్రామాణిక వ్యాసంతో లెక్క కడుతుంది. కాగితం మీద సందేహం వస్తే రంధ్రంలో గేజ్ అనే కొలత పనిముట్టు పెడతాం. మీ పెల్లెట్ ఎంత లావుగా ఉన్నా మాకు సంబంధం లేదు.

కాజీపేట టర్నర్:
మరొక లెక్క కూడా చూడండి. ఎయిర్ పిస్టల్‌లో పది వలయం వ్యాసం 11.5 మి.మీ., తొమ్మిది వలయం 27.5, ఎనిమిది వలయం 43.5. జిల్లా స్థాయి పిల్లల చేతి ఊపు ఎనిమిదిని దాటి పోతూ ఉంటుంది. పది వలయం 0.5 మి.మీ. మాత్రమే ఉండే ఎయిర్ రైఫిల్‌లో అయితే ఈ కొలతల పట్టింపుకు అర్థం ఉంది. మీ బాబు పాయింటు పోయింది ట్రిగ్గర్ దగ్గరే కావచ్చు.

కరీంనగర్ తండ్రి:
మా బాబు ట్రిగ్గర్ ఎలా నొక్కాడో మీరు చూశారా? ఇంత తెలిసినవారు ఇంకో మాట కూడా చెప్పండి. మేం అప్పట్లో వెళ్లిన క్లబ్బులో కొత్త లాట్, అంటే ఒకే విడతలో తయారైన డబ్బాలు, రాగానే వైస్‌లో పెట్టి పరీక్షించేవారు. ఎవరి పిస్టల్‌తో? సొంత పిస్టల్ ఉన్న ఇద్దరు పిల్లల వాటితోనే. వాటికి కుదిరిన డబ్బాలు వాళ్లకు వెళ్లేవి, మిగిలినవి మా పిల్లల చేతిలో పెట్టేవారు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. అందరి బ్యారెళ్లకూ పరీక్ష ఎందుకు చేయరని అడిగితే, చిన్నపిల్లలకు తేడా తెలియదన్నారు. మీరు కూడా ఇప్పుడు అదే మాట అంటున్నారు.

మెట్టుగుట్ట:
ఇదీ అసలు సంగతి.

కాజీపేట టర్నర్:
తేడా తెలియదని నేను అనలేదు, ఆ తేడా చేతి ఊపులో కలిసిపోతుందన్నాను. అయితే మీ ఫిర్యాదు న్యాయమైనదే. ఒక పిస్టల్‌లో తేలిన ఫలితం పక్క పిస్టల్‌కు వర్తించదు కనుక, ఆ ఇద్దరికి కుదిరిన డబ్బా మిగతా పిల్లలకు మంచిదని గానీ, చెడ్డదని గానీ ఎవరూ చెప్పలేరు. మీరు 4.51 పట్టుకొని కూర్చున్నా ఆ అన్యాయం తీరదు.

సుబేదారి నాన్న:
మా అమ్మాయికి సొంత పిస్టల్ లేదు. క్లబ్బులో ఆ పూట ఏది ఖాళీగా ఉంటే అది ఇస్తారు.

కాజీపేట టర్నర్:
అలాగైతే కొలత ఎంపికకు అర్థమే లేదు. ముందు ఆమెకు ఒకే పిస్టల్ ఖాయం చేయమని అడగండి. ఆ తరువాత 4.49, 4.50 ఒక్కో డబ్బా తీసుకొని దానితోనే పరీక్షించండి. కుదిరిన దాన్ని అదే లాట్ నంబర్‌తో వీలైనన్ని కొనండి, ఎందుకంటే అంకె ఒకటే అయినా లాట్ మారితే పెల్లెట్ మారుతుంది. డబ్బాను బస్సులో సంచి అడుగున వేసుకొని రాకండి, స్కర్ట్ అంచు సొట్టపడితే ఈ వందో వంతుల లెక్కలన్నీ వృథా. కొట్టిన తరువాత అమ్మాయి చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అది సీసం.

కరీంనగర్ తండ్రి:
ఏ పిస్టల్‌కు ఏ లాట్ కుదిరిందో కాగితం మీద రాసి గోడకు అంటించమనండి. అప్పుడు నమ్ముతాను.

కాజీపేట టర్నర్:
అంటించమనే నేనూ అంటాను. సుబేదారి గారూ, మీ రేంజ్‌లో ఆ వైస్ ఉన్న గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందు కనుక్కోండి.