మినీ లేత్ మీద ఇత్తడి సిలిండర్: బోరు టేపర్ వస్తోంది, పిస్టన్ ఆడట్లేదు

కూకట్‌పల్లి_చిప్స్
బాల్కనీలో చిన్న లేత్ పెట్టుకున్నాను. సిలిండరే అటూ ఇటూ ఊగే రకం బుల్లి స్టీమ్ ఇంజన్ చేస్తున్నా. విడిగా వాల్వులు ఉండవు కాబట్టి మొదటిసారికి అదే నయమన్నారు. సిలిండర్‌కి 20 ఎంఎం ఇత్తడి రాడ్, లోపలి రంధ్రం (బోరు) 10 ఎంఎం. డ్రిల్ వేస్తుంటే ఇత్తడి బిట్‌ని లోపలికి లాగేసుకుంటోంది, రాడ్‌ని పట్టి తిప్పే చక్‌లో అది జారిపోతోంది. రంధ్రం లోపలి గోడ కోసే బోరింగ్ బార్‌తో సరిచేద్దామంటే లోపలికి పోయేకొద్దీ బోరు సన్నబడుతోంది. ఎక్కడ తేడా కొడుతోంది?

గేర్‌బాక్స్_గోల
బార్ సన్నగా ఉండి వంగుతోంది బ్రో. లావుది కొను.

పాత_టర్నర్
కాదు తమ్ముడూ. బార్‌ని బిగించే టూల్ పోస్ట్ నుంచి అది ఎంత బయటికి ఉందో కట్ మొదట్లోనూ చివర్లోనూ అంతే ఉంటుంది. వంగినా బోరంతా ఒకేలా వంగుతుంది, దాని వల్లే టేపర్ రాదు. చక్‌ని తిప్పే హెడ్‌స్టాక్ వరస తప్పి ఉండొచ్చు. 25 ఎంఎం రాడ్ చక్‌లో పట్టి, 100 ఎంఎం బయటికి ఉంచి, అవతలి చివర ఊతమిచ్చే టెయిల్‌స్టాక్ ఆనించకుండా పల్చటి కట్లు వెయ్యి. రెండు చివరలూ మైక్రోమీటర్‌తో కొలువు. తేడా ఉంటే హెడ్‌స్టాక్ బోల్టులు వదులు చేసి, కింద చిప్ గానీ పెయింట్ పెచ్చు గానీ ఇరుక్కుందేమో చూడు. లేకపోతే షిమ్ (పల్చటి రేకు ముక్క) వెయ్యాలి.

డ్రిల్ లాగడం మామూలే. కొత్త బిట్ అంచు ఇత్తడికి మరీ పదును. ఆయిల్ స్టోన్‌తో రెండు కోత అంచుల ముందువైపూ సన్నటి చదును తియ్యి, వెంట్రుక మందం చాలు. ఇక లాగదు. ఆ బిట్ ఇత్తడికే విడిగా పెట్టుకో.

రాణిగంజ్_రౌండ్లు
అసలు 10 బోరుకి బోరింగ్ ఎందుకండీ? సెంటర్ డ్రిల్, తర్వాత 9.8 డ్రిల్, ఆపైన 10 హెచ్7 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే పనిముట్టు; హెచ్7 అంటే ఆ సైజులో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు). బోరు 10.000, 10.015 మధ్య వస్తుంది. స్పీడ్ బాగా తగ్గించండి, రీమర్‌ని వెనక్కి తిప్పకండి. రాణిగంజ్‌లో తిరిగితే దొరుకుతుంది. పాతది కొనేటప్పుడు అంచుల మీద గోరు పెట్టి చూడండి, ఎక్కడైనా అంచు విరిగి గోరు తట్టుకుంటే వదిలెయ్యండి.

పాత_టర్నర్
రీమర్ మంచి మాటే. కానీ డ్రిల్ పక్కకి పోతే రీమర్ కూడా దాని వెంటే పోతుంది. సైజు కుదురుతుంది, వంకర పోదు. హెడ్‌స్టాక్ చూడకుండా వదలొద్దు.

గేర్‌బాక్స్_గోల
సరే, బార్ మాట వెనక్కి తీసుకున్నా 😄 ఇంత టెన్షన్ ఎందుకు, బాలానగర్‌లో ఎవరికైనా ఇస్తే సాయంత్రానికి చేసిస్తారుగా?

రాణిగంజ్_రౌండ్లు
చేసిస్తారు. అప్పుడు ఇంజన్ వాళ్లదవుతుంది. నేర్చుకోవాలంటే బాలానగర్‌లోనే 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, స్వల్పకాలిక కోర్సులు అడిగి చూడండి.

కూకట్‌పల్లి_చిప్స్
హెడ్‌స్టాక్ కింద నిజంగానే పెయింట్ పెచ్చు ఉంది అన్నా! గీకి బిగించాక టేపర్ దాదాపు పోయింది. రీమర్ కూడా తెచ్చా. ఇప్పుడు పిస్టన్ బోరులో హాయిగా జారుతోంది. కానీ గాలి కొడితే సిలిండర్‌కీ స్టాండ్‌కీ మధ్య నుంచి బుస్సుమంటోంది.

పాత_టర్నర్
పోర్టు ముఖం, అంటే గాలి రంధ్రాలుండి స్టాండ్‌కి ఆనే సిలిండర్ వైపు, చదునుగా లేదు. సిలిండర్ ఊగే పివట్ పిన్ తీసేసి ఆ ముఖం మీద స్కెచ్ పెన్‌తో గీతలు గియ్యి. మందపాటి అద్దం మీద 600 నంబరు ఎమరీ పేపర్ పరిచి, ఎనిమిది అంకె వేసినట్టు మెల్లగా రుద్దు. గీతలన్నీ ఒకేసారి చెరిగాయంటే చదును వచ్చినట్టే. స్టాండ్ ముఖానికీ అంతే. తర్వాత కిరోసిన్‌తో బాగా కడుగు, ఎమరీ రవ్వ మిగిలితే బోరు పాడవుతుంది.

రాణిగంజ్_రౌండ్లు
సిలిండర్‌ని స్టాండ్‌కి నొక్కిపట్టే స్ప్రింగ్ కూడా చూడండి. వదులైతే కారుతుంది, బిగిస్తే ఊగదు. వేలితో ఫ్లైవీల్ తిప్పుతూ పావు చుట్టు చొప్పున నట్ సర్దండి. ముందు సైకిల్ పంపు గాలితోనే నడపండి, ఆవిరి జోలికి ఇప్పుడే వద్దు.