ఎండకు గుడ్లు సగానికి పడిపోయాయి, జాతి మార్చాలా?

కీసర_పెరటికోళ్లు: కీసర దగ్గర మాకు కొంచెం జాగా ఉంది. పోయిన వానాకాలంలో వనరాజా జాతి కోడిపిల్లలు తెచ్చి రేకుల షెడ్డులో పెంచాను, ఇప్పుడు 40 పెట్టలు. ఫిబ్రవరిలో రోజుకు 18, 20 గుడ్లు వచ్చేవి, ఇప్పుడు 9 వస్తే గొప్ప. ఒంటిగంట అయ్యేసరికి రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని, నోళ్లు తెరుచుకుని రొప్పుతూ నీళ్ల చుట్టూ నిలబడతాయి. నిన్న గంపలోంచి తీస్తుంటే ఒక గుడ్డు వేళ్ల మధ్యే చితికిపోయింది, పెంకు కాగితంలా ఉంది. పోయిన వారం రెండు పెట్టలు చనిపోయాయి, చాలా టెన్షన్‌గా ఉంది. అత్తమ్మ నాటుకోళ్లే పెంచమంటోంది. మెడ మీద ఈకలు లేని కోళ్లు ఎండకు తట్టుకుంటాయని ఎవరో అన్నారు, నిజమేనా?

శామీర్‌పేట_లేయర్స్: అమ్మా, జాతి సంగతి తర్వాత, ముందు ఆ రేకుల సంగతి చూడండి. కోడికి చెమట పట్టదు, ఒంట్లో వేడి పోవాలంటే రొప్పడమే ముఖ్యమైన దారి. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పెంకు తయారీకి కావలసిన కార్బొనేట్ తగ్గిపోతుంది. పైగా వేడికి దాణా సరిగా తినదు కాబట్టి కాల్షియం కూడా అందదు. మీ చేతిలో చితికిన గుడ్డు కథ ఇదే. రేకుల మీద వరిగడ్డి మందంగా పరిచి మధ్యాహ్నం తడపండి, పక్కల గాలి ఆడనివ్వండి. దాణా తెల్లవారుజామున, మళ్లీ ఎండ దిగాక పెట్టండి, మధ్యాహ్నం అసలు పెట్టకండి. షెల్ గ్రిట్ (కాల్షియం కోసం వేసే గవ్వల నూక) మాత్రం సాయంత్రమే వేయాలి, ఎందుకంటే పెంకు ఎక్కువగా రాత్రిపూటే కడుతుంది. నీళ్ల తొట్టి నీడలో లేకపోతే ఇవన్నీ చేసినా దండగే.

రాజేంద్రనగర్_వెటర్నరీ: పైన చెప్పింది సరైనదే, కానీ జాతి ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు. వనరాజా, గ్రామప్రియ రెండూ మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైనవే. వనరాజా మాంసానికీ గుడ్లకూ కలిపి తీసింది, ఒళ్లు బరువు. బరువున్న కోడికి వేడి దించుకోవడం కష్టం. గ్రామప్రియ ఒళ్లు తేలిక, గుడ్ల కోసమే తీసింది, పెరట్లో పెంచినా ఏడాదిన్నర వయసు వచ్చేసరికి 160 నుంచి 180 గుడ్ల దాకా పెడుతుంది. గుడ్ల కోసం పెంచే లెగార్న్ జాతి వేడి దేశాల్లో బాగా నిలబడటానికి కూడా చిన్న ఒళ్లు, తల మీది పెద్ద ఎర్ర తురాయి కారణం, తురాయిలో రక్తం పారి వేడి బయటికి పోతుంది.

మెడ బోసిగా ఉండే కోళ్ల మాట నిజమే. దానికి ఒకే జన్యువు కారణం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా ఒంటి మీద ఈకలు దాదాపు 20 శాతం తగ్గుతాయి, రెండూ వస్తే 40 దాకా. ఈకలు తగ్గితే వేడి తేలిగ్గా పోతుంది, దాణా తినడం మరీ పడిపోదు, గుడ్డు సైజూ పెంకూ కొంత నిలబడతాయి. చలికాలం రాత్రుళ్లు మాత్రం వెచ్చదనం చూసుకోవాలి.

ఘట్‌కేసర్_రైతు: ఒక్క మాట. గ్రామప్రియ తెస్తే వాటి గుడ్లు పొదిగించి పిల్లలు తీయకండి. నేను ఆ తప్పు చేశాను, రెండో తరంలో ఒకటి తల్లిలా, ఒకటి నాటుకోడిలా, ఏదీ లెక్కకు రాలేదు, ఏడాది దాణా ఖర్చు నెత్తిన పడింది. అది సంకర జాతి, ప్రతిసారీ కొత్త పిల్లలే తెచ్చుకోవాలి. అత్తమ్మ మాటా తీసేయకండి, నాటుకోడి ఎండకూ రోగానికీ గట్టిదే. కానీ కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఏడాదికి 50, 60 దాటడం కష్టం.

కీసర_పెరటికోళ్లు: అందరికీ థాంక్స్. ఈరోజే పక్క పొలం నుంచి వరిగడ్డి తెచ్చి పరిచాం, తొట్టి వేపచెట్టు కిందికి మార్చాను. మూడు గంటలప్పుడు చూస్తే సగం పెట్టలు నోరు మూసుకునే ఉన్నాయి. పాత పెట్టల్ని ఈ ఎండాకాలం దాటించాక గ్రామప్రియ పిల్లలు 20 తెస్తాను. అత్తమ్మ కోసం నాలుగు నాటుకోళ్లు కూడా.

శామీర్‌పేట_లేయర్స్: మంచిదమ్మా. వరిగడ్డి తడిపాక నీళ్లు లోపల లిట్టర్ (నేల మీద పరిచిన పొట్టు) మీద కారకుండా చూసుకోండి.