@ గుర్తుని మనం "ఎట్ ది రేట్ ఆఫ్" అని ఎందుకంటాం?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

మా తమ్ముడి కూతురు పీజీ చదవడానికి ఐర్లండు వెళ్తోంది. అక్కడ అద్దె గది కోసం ఇంటావిడతో నేనే ఫోన్లో మాట్లాడి నా మెయిల్ ఐడీ చెప్పాను. ఎప్పుడూ ఎలా చెప్తానో అలాగే, ముందు పేరు, తర్వాత "ఎట్ ది రేట్ ఆఫ్ జీమెయిల్ డాట్ కామ్". ఆవిడ సరే సరే అంది. రెండు రోజులైనా అగ్రిమెంటు రాలేదు, స్పామ్‌లో కూడా లేదు, పిల్లకి ఒకటే టెన్షన్, గది ఇంకెవరికో ఇచ్చేశారేమోనని. మూడో రోజు మళ్ళీ ఫోన్ చేసి, మీరు ఏ అడ్రస్‌కి పంపారో ఒక్కో అక్షరం చదవండి అంటే అప్పుడు బయటపడింది. "ఎట్" వినగానే గుర్తు కొట్టింది, ఆ తర్వాత "దిరేట్ఆఫ్‌జీమెయిల్ డాట్ కామ్" అని మొత్తం కలిపి అక్షరాలతో రాసుకుంది! పాపం ఆవిడ తప్పేమీ లేదు, నేను చెప్పిందే రాసుకుంది.

అప్పటి నుంచి ఇది నా బుర్రలోంచి పోవడం లేదు. ఇక్కడ బ్యాంకులో, మీసేవలో, స్కూల్ అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు అందరం ఇలాగే అంటాం, అందరికీ అర్థమవుతుంది. మరి ఈ "రేటు" ఎక్కడిది? మెయిల్‌కీ రేటుకీ సంబంధం ఏమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

చిట్టాఆవర్జా:

గోదారిగట్టు గారూ, మీరు సరైన చోటే అడిగారు, నేను గుంటూరులో మిర్చి కమీషన్ కొట్లో చాలా ఏళ్ళు గుమాస్తాగా చేశాను. ఈ గుర్తు నాకు మెయిల్ అనే మాట వినకముందు నుంచీ తెలుసు.

రైతుకి ఇచ్చే పట్టీ ఎలా రాసేవాళ్ళమో చెప్తాను. పన్నెండు టిక్కీలు (అంటే మిర్చి బస్తాలు), తూకం 5 క్వింటాళ్ళ 40 కిలోలు, ఆ పక్కన ఈ గుర్తు పెట్టి 4,200, చివర్న 22,680. అంటే క్వింటాలు 4,200 చొప్పున అని. ఆ "చొప్పున" అనే మాట మొత్తం ఈ ఒక్క చుట్టలో ఇమిడిపోయేది. పాత గుమాస్తాలు తెలుగులో "చొ" అని రాసి చుక్క పెట్టేవాళ్ళు, ఇంగ్లీషు బిల్లుల్లో దాని చోట ఇది. పని అదే.

"రేటు" మాట నా చెవిన పడింది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో. లోయర్ పాసై హయ్యర్‌కి వెళ్ళాక స్టేట్‌మెంట్లు కొట్టించేవాళ్ళు, సరుకు పేరు, ఎన్ని, ఎంత చొప్పున, మొత్తం ఎంత, అన్నీ గళ్ళలో కచ్చితంగా కూర్చోవాలి. మా మాస్టారు పక్కన నిలబడి పైకి చదివేవారు, ఈ మీట దగ్గరికి రాగానే "ఎట్ ది రేట్ ఆఫ్" అని సాగదీసి అనేవారు. మాకు ఆ మీట పేరే అది అయిపోయింది. లెక్కల పుస్తకాల్లో కూడా "ఎట్ ది రేట్ ఆఫ్ ఫైవ్ రుపీస్ పర్ కేజీ" అనేగా ఉండేది. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, అదే మీట అక్కడా కనబడింది, అదే పేరుతో పిలిచాం. ఇంగ్లండు, అమెరికాల్లో దాన్ని ఉత్త "ఎట్" అంటారు, మహా అయితే "కమర్షియల్ ఎట్". మనం బిల్లులో ఎలా చదివామో అలాగే ఉంచుకున్నాం, అంతే.

షిఫ్ట్‌పీ:

బాబాయ్ గారు బిల్లు సంగతి చెప్పారు, అది మెయిల్‌లోకి ఎలా దూరిందో నేను చెప్తా.

1971. అమెరికాలో కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో బీబీఎన్ అనే కంపెనీ, అందులో రే టామ్లిన్సన్ అనే ఇంజినీరు. ఇప్పటి ఇంటర్నెట్‌కి తల్లి లాంటి ఆర్పానెట్ మీద పని. అప్పటికే ఒకే కంప్యూటర్ వాడుకునేవాళ్ళు ఒకరికొకరు మెసేజ్ వదిలిపెట్టే ప్రోగ్రాం ఉంది, సెండ్‌మెసేజ్ అని, కానీ అది ఆ ఒక్క మిషన్ దాటి వెళ్ళలేదు. వేరే మిషన్‌కి ఫైలు పంపే ప్రోగ్రాం ఇంకోటి విడిగా ఉంది. ఈయన ఆ రెండిటినీ కలిపాడు. పైవాళ్ళెవరూ చెయ్యమనలేదు, బాగుంటుందనిపించి చేశాడు.

అప్పుడు చిక్కొచ్చింది. ఇంతకు ముందు మనిషి పేరొక్కటే చాలు, ఇప్పుడు మనిషి ఏ మిషన్‌లో ఉన్నాడో కూడా చెప్పాలి. రెండు పేర్ల మధ్య ఒక అడ్డుగోడ కావాలి, అది ఎవరి పేరులోనూ ఉండని అక్షరమై ఉండాలి. ఆయన ముందు ఉన్నది మోడల్ 33 టెలిటైప్, కంప్యూటర్‌కి తగిలించిన టైపు మిషన్ లాంటిది. దాని మీద షిఫ్ట్ నొక్కి పీ కొడితే ఈ గుర్తు పడుతుంది (నా యూజర్‌నేమ్ అక్కడిదే). ఎవరి పేరులోనూ రాదు, పైగా "ఫలానా చోట" అనే అర్థం దానిలోనే ఉంది. ఇంకేం కావాలి! మొదటి మెయిల్ వెళ్ళింది ఎంత దూరమో తెలుసా, ఒకే గదిలో పక్కపక్కన ఉన్న రెండు మిషన్ల మధ్య. అందులో ఏం రాశాడో ఆయనకే గుర్తులేదు, కీబోర్డు పై వరస అక్షరాల లాంటిదేదో కొట్టి ఉంటానని తర్వాత చెప్పాడు. 2016 మార్చిలో చనిపోయాడు.

ఇంకో ముచ్చట. మల్టిక్స్ అనే ఇంకో రకం కంప్యూటర్ సిస్టమ్‌లో ఈ గుర్తు కొడితే అప్పటిదాకా టైపు చేసిన లైనంతా చెరిగిపోయేది. వాళ్ళు మెయిల్ అడ్రస్ కొట్టబోతే సగం దాకా రాగానే మాయం! చాలా విసుక్కున్నారట.

సూటిగా:

ఇంత కథ అక్కర్లేదండి. "ఎట్ ది రేట్ ఆఫ్" తప్పు, "ఎట్" అనడం నేర్చుకోవాలి. కాల్ సెంటర్ ట్రైనింగ్‌లో మాకు మొదటి రోజే మాన్పించారు.

చిట్టాఆవర్జా:

విదేశాల వాళ్ళతో మాట్లాడేటప్పుడు మానండి, నేను కాదనను, గోదారిగట్టు గారికి జరిగింది చూశాం కదా. కానీ తప్పు అనకండి. ఆ గుర్తుకి రేటు అర్థం వందల ఏళ్ళుగా ఉంది, మెయిల్ అర్థం మొన్నటిది. పాత అర్థాన్ని నోట్లో పెట్టుకుని తిరగడం తప్పెలా అవుతుంది నాయనా?

కాలవపక్కఇల్లు:

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను, ఇక్కడ దీన్ని "ఆపెన్‌స్టార్ట్యే" అంటారు, చిన్న కోతితోక అని అర్థం. మునిసిపల్ ఆఫీసులో కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ ఎంతో గంభీరంగా నా మెయిల్ తిరిగి చదువుతూ మధ్యలో కోతితోక అంది, నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత కనబడిన ప్రతి దేశపువాణ్ణీ అడగడం మొదలుపెట్టాను. ఇటలీవాళ్ళకి నత్త, కొరియావాళ్ళకీ నత్తే. రష్యావాళ్ళకి కుక్క. గ్రీకులకి బాతుపిల్ల, హంగరీవాళ్ళకి పురుగు, డెన్మార్క్‌వాళ్ళకి ఏనుగుతొండం ఉన్న ఏ. చెక్‌వాళ్ళకి చుట్టచుట్టిన ఊరగాయ చేప! ఇజ్రాయెల్‌లో ష్ట్రూడెల్, అంటే చుట్టలా చేసే ఒక తీపి వంటకం. మా అమ్మ ఎవరూ చెప్పకుండానే దాన్ని "జంతిక ఏ" అంటుంది, అది ఈ వరసలో చక్కగా ఇమిడిపోతుంది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది మాత్రం స్పానిష్, పోర్చుగీస్ వాళ్ళది. వాళ్ళు "అర్రోబా" అంటారు. అది జంతువు కాదు, తిండి కాదు, ఒక తూకం. అరబ్బీలో నాలుగోవంతు అనే మాట నుంచి వచ్చింది, వంద పౌన్ల క్వింటాలులో నాలుగోవంతు, అంటే స్పెయిన్ లెక్కలో ఇరవై అయిదు పౌన్లు, మన లెక్కలో పదకొండున్నర కిలోలు (వాళ్ళ పౌను ఇంగ్లీషు పౌను కంటే కాస్త బరువు). తూకానికి ఈ గుర్తే వేసేవాళ్ళు. బ్రెజిల్‌లో పశువుల ధర ఇప్పటికీ అర్రోబాకి ఇంత అనే చెప్తారు, కాకపోతే అక్కడ దాన్ని పదిహేను కిలోలుగా స్థిరపరిచారు.

1536 మే 4న ఫ్లోరెన్స్ వ్యాపారి ఫ్రాన్సెస్కో లాపి స్పెయిన్‌లోని సెవిల్ నుంచి రోముకి రాసిన ఉత్తరంలో కూడా ఈ గుర్తు ఉంది. అమెరికా నుంచి వచ్చిన ఓడల గురించి, ద్రాక్షసారాయి జాడీ ధర గురించి రాస్తూ, జాడీ కొలత అనే అర్థంలో వేశాడు. అంటే బాబాయ్ గారి మిర్చి పట్టీ, ఆ ఉత్తరం ఒక జాతివే.

చిట్టాఆవర్జా:

అమ్మా, ఇరవై అయిదు పౌన్లు అన్నావు చూశావూ, నేను కుర్చీలోంచి లేచి కూర్చున్నాను. మన మణుగు కూడా ఇంచుమించు అంతేనమ్మా! మద్రాసు మణుగు ఇరవై అయిదు పౌన్లు, కిలోల్లో పదకొండుం పావు పైన కొంచెం. మణుగుకి ఎనిమిది వీశెలు, ఇరవై మణుగులైతే బారువ. మా నాన్న వాడిన వీశె గుండు ఇప్పటికీ మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా పెడుతున్నాం. కిలోలొచ్చి అరవై ఏళ్ళయినా మా అత్తగారు బెల్లం, చింతపండు వీశెల్లోనే అడిగేది. ఎక్కడి స్పెయిను, ఎక్కడి గుంటూరు! ఈ సంగతి తెలియకుండానే ఇన్నాళ్ళూ ఆ గుర్తు వేశానన్నమాట.

షిఫ్ట్‌పీ:

వావ్, ఇది నాకూ కొత్త. పేపర్ హెడ్డింగులు గమనించారా ఎవరైనా? ఎండలు @ 45, బంగారం @ ఇంత, గోదావరి వరద భద్రాచలం దగ్గర @ ఇన్ని అడుగులు అని వేస్తారు. అక్కడ ఇది మెయిల్ గుర్తు కాదు, అలాగని "చొప్పున" కూడా కాదు, "ఇంత దాకా వచ్చింది" అని. తెలుగు పేపర్లు దానికి మూడో పని అప్పజెప్పాయి. 2010లో న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం దీన్ని తమ డిజైన్ సేకరణలో చేర్చుకుంది, ఎవరి సొత్తూ కాదు కాబట్టి పైసా ఇవ్వక్కర్లేకపోయింది.

గోదారిగట్టు:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. అన్నట్టు అగ్రిమెంటు వచ్చింది, ఈసారి ఇంటావిడకి "ఎట్" అని ఆగి, తర్వాత జీమెయిల్ అన్నాను.

ఇవాళ సాయంత్రం ఇంటికొస్తూ మామిడిపళ్ళ బండి దగ్గర ఆగాను. అట్టముక్క మీద బొగ్గుతో "రసాలు, కిలో @ 80" అని రాసి ఉంది. దాని కిందే ఫోన్‌పే స్టిక్కరు, స్కానర్ గళ్ళ కింద చిన్న అక్షరాలతో బండి అతని యూపీఐ ఐడీ, అందులో అతని నంబరుకీ బ్యాంకు పేరుకీ మధ్య మళ్ళీ అదే గుర్తు. జానెడు దూరంలో రెండూ. ఫొటో తీస్తుంటే బండి అతను "ఏంటి సార్, రేటు ఎక్కువనా?" అన్నాడు. కాదని చెప్పి, వీళ్ళందరూ ఇక్కడ రాసిన కథ అతనికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. అట్ట వంక చూసి, "మా నాయన కూడా ఇట్టాగే రాసేవాడు సార్" అని రెండు కిలోలు తూచి ఇచ్చాడు.