బయాలజీ డిగ్రీకి లక్ష డాలర్ల అప్పు: మీరైతే చేస్తారా?

ఇద్దరు పిల్లల తల్లి:
మేముండేది అమెరికాలో. పెద్దమ్మాయి హైస్కూల్ చివరి ఏడాదిలో ఉంది. బయాలజీ తప్ప ఇంకేదీ చదవనంటోంది. రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి మా స్టేట్ యూనివర్సిటీ. దాచిన డబ్బు పోగా నాలుగేళ్లకు 27,000 డాలర్ల అప్పుతో గట్టెక్కుతాం. రెండోది పేరున్న ప్రైవేటు కాలేజీ, అక్కడ అప్పు లక్ష దాటుతుంది. మావారు "బయాలజీకి జీతాలెక్కడివి, కంప్యూటర్ సైన్స్ తీసుకోమను" అంటారు. పిల్లేమో "ఎలాగూ డిగ్రీ తర్వాత మెడిసిన్ చేసి డాక్టర్నవుతాగా, తీర్చేస్తా" అంటుంది. రోజూ ఇదే గొడవ. మే 1 లోపు డిపాజిట్ కట్టాలి. బయాలజీ చదివినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

లెక్కల బాబాయి:
ముందు అంకెలు చూద్దామమ్మా. లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో 2024 మే లెక్క ప్రకారం బయలాజికల్ టెక్నీషియన్ల మధ్యస్థ జీతం ఏడాదికి 52,000. ఉత్త బ్యాచిలర్స్‌తో మీ అమ్మాయికి మొదట దొరికే ఉద్యోగం దాదాపు ఇలాంటిదే. అదే లెక్కలో రిజిస్టర్డ్ నర్సులకు 93,600.

52,000లో పన్నులూ ఇన్సూరెన్సూ పోతే నెలకు చేతికి 3,500 వస్తే గొప్ప. 27,000 అప్పుని ఆరున్నర శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు 307. కాస్త కష్టపడితే కట్టొచ్చు. లక్షకి తొమ్మిది శాతం వేసుకోండి, నెలకు 1,267 అవుతుంది. అద్దె కట్టాక ఏం మిగులుతుందో మీరే చూసుకోండి.

ఇంకో సంగతి. 2026 జూలై 1 నుంచి కొత్తగా పేరెంట్ ప్లస్ లోన్ (పిల్లల చదువుకి తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ అప్పు) తీసుకునేవాళ్లకు ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 అని పరిమితి పెట్టారు. అమ్మాయి పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్ నాలుగేళ్లకు 27,000. రెండూ కలిపినా 92,000. ఆ పైది ప్రైవేటు బ్యాంకు దగ్గర మీరు కోసైన్ చేసి, అంటే హామీ సంతకం పెట్టి, తెచ్చుకోవాల్సిందే. మీరిద్దరూ ఇంకా హెచ్‌వన్ మీదే ఉంటే పేరెంట్ ప్లస్ అసలు రాదు.

ల్యాబ్ పిచ్చోడు:
బాబాయ్, మీ లెక్కకి చిల్లుంది. టెక్నీషియన్ జీతం చూసి బయాలజీ డిగ్రీకి ధర కడితే ఎలా? కాలేజ్ స్కోర్‌కార్డ్ సైటులో కోర్సులవారీగా జీతాలు ఉంటాయి కదా, అవీ అంతే. ఉద్యోగం చేస్తూ, చదువులో లేనివాళ్ల జీతాలే అందులోకి వస్తాయి. మెడిసిన్‌లోనో పీహెచ్‌డీలోనో ఉన్నవాళ్లు రారు. ఇంజనీరింగ్ క్లాసులో ముందుండేవాడు డిగ్రీ అవ్వగానే ఉద్యోగంలో చేరి ఆ అంకెని పైకి లాగుతాడు. బయాలజీలో ముందుండేవాడు అసలు లెక్కలోనే ఉండడు. మిగిలినవాళ్లని చూసి "ఈ చదువుకి జీతాల్లేవు" అంటున్నాం.

నేను పీహెచ్‌డీకి ట్యూషన్ ఒక్క డాలర్ కట్టలేదు, పైగా స్టైపెండ్ ఇచ్చారు. ఇష్టం ఉన్న పిల్లని ఆపకండి.

పిపెట్ రాణి:
ల్యాబ్ పిచ్చోడు గారూ, చిల్లు ఉన్నమాట నిజమే. కానీ ముందుండే ఆ కొద్దిమందిలో తన పిల్ల ఉంటుందని ప్రతి ఇంట్లోనూ అనుకుంటారు. మా ఇంట్లోనూ అనుకున్నారు.

2023-24లో ఎండీ కాలేజీలకు, అంటే ఇక్కడి మెడికల్ కాలేజీలకు, 52,577 మంది అప్లై చేస్తే చేరింది 22,981 మంది. అదీ మెడిసిన్ ఎంట్రన్స్ పరీక్ష ఎమ్‌క్యాట్ రాసి అప్లికేషన్ దాకా వచ్చినవాళ్లలో. ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గరే దండం పెట్టి వెళ్లిపోయినవాళ్లు ఇందులో లేరు. నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ సీటు రాలేదు.

తర్వాత ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద ల్యాబ్ పని. పొద్దున్నించీ 96 గుంటల ప్లేట్లలో పిపెట్ అనే సన్న గొట్టంతో చుక్కలు వేయడమే. సాయంత్రానికి బొటనవేలు వాచిపోయేది. ల్యాబ్‌లో పెంచే సెల్స్‌కి (కణాలకి) ఆదివారం తెలియదు కదండీ, వాటిని పెంచే ద్రవం, మీడియా అంటారు, మార్చకపోతే చచ్చిపోతాయి. ఆదివారం కూడా వెళ్లి, ఆ గులాబీ రంగు నీళ్లు మార్చి, ఇంక్యుబేటర్ తలుపేసి వచ్చేదాన్ని. ఏడాది కాగానే కాంట్రాక్టు అయిపోయిందన్నారు.

పని ఇష్టం లేక కాదు. ఇప్పటికీ మైక్రోస్కోప్ కింద ఒక కణం రెండవుతుంటే చూస్తూ కూర్చుంటాను. కానీ నాది ప్రైవేటు కాలేజీ అప్పు. మొదటి ఏడాది కట్టినదాంట్లో సగానికి పైగా వడ్డీకే పోయిందని స్టేట్‌మెంట్‌లో చూసిన రోజు అన్నం సహించలేదు.

పీహెచ్‌డీ సంగతీ చెప్తాను. ఆ ఐదారేళ్లు డిగ్రీ అప్పు వాయిదాలు ఆగుతాయి గానీ, ప్రభుత్వం వడ్డీ కట్టని అన్‌సబ్సిడైజ్డ్ లోన్ మీద వడ్డీ ఆగదు. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2024లో పీహెచ్‌డీ ట్రెయినీలకు పెట్టిన స్టైపెండ్ ఏడాదికి 28,224, పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగం, పోస్ట్‌డాక్, మొదటి ఏడాదికి 61,008. చేతిలో అప్పు లేనివాళ్లకి అది మంచి దారే. లక్ష అప్పుతో ఆ దారి పట్టడం మాత్రం నావల్ల కాలేదు.

కాబట్టి నా మాట ఇది: మెడిసిన్ సీటు రాదనుకుని అప్పు చేయండి. వస్తే సంతోషం.

ల్యాబ్ పిచ్చోడు:
నాకు డిగ్రీ అప్పు లేదు, స్కాలర్‌షిప్ మీద చదివాను. ఆ మాట ముందే చెప్పాల్సింది. లక్ష విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. బయాలజీ మానమనడాన్ని మాత్రం ఒప్పుకోను.

వెయిటింగ్ లిస్ట్:
కంప్యూటర్ సైన్స్ చదివిన మావాడు ఎనిమిది నెలల నుంచి ఇంట్లోనే ఉన్నాడు. మీవారికి ఈ సంగతి కూడా చెప్పండి.

రాత్రి షిఫ్టు:
డాక్టర్, పీహెచ్‌డీ, లేకపోతే పిపెట్ అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను బయాలజీ అయ్యాక గుర్తింపున్న ఏడాది ప్రోగ్రామ్ ఒకటి చేసి, ల్యాబ్ పనికి సర్టిఫికెట్ ఇచ్చే ఏఎస్‌సీపీ పరీక్ష రాసి హాస్పిటల్ ల్యాబ్‌లో చేరాను. 2024లో క్లినికల్ ల్యాబ్ వాళ్ల మధ్యస్థ జీతం 61,890. రాత్రుళ్లు చేస్తే కాస్త అదనం. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు అడిగింది సర్టిఫికెట్ గురించే, ఏ కాలేజీ అని ఒక్కరూ అడగలేదు. నర్సింగ్‌కి కూడా వేరే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఏడాది, ఏడాదిన్నర కోర్సులున్నాయి. ఆ కోర్సు ఫీజుకి కూడా కాస్త అప్పు పుట్టాలి కదా. మొదటి డిగ్రీకే మొత్తం ఊడ్చేస్తే ఇవేవీ కుదరవు.

ఇద్దరు పిల్లల తల్లి:
అందరికీ థాంక్స్ అండీ. మావారు నిన్న రాత్రి బాబాయి గారి లెక్కలన్నీ ఎక్సెల్‌లో వేసుకుని చూశారు. కంప్యూటర్ సైన్స్ మాట ఈ రోజు ఎత్తలేదు. స్టేట్ యూనివర్సిటీకే మొగ్గుతున్నాం.

పిపెట్ రాణి గారి పోస్టు అమ్మాయికి చదివి వినిపించాను, కాస్త భయపడుతుందేమోనని. అంతా విని, "ఆవిడ ఏ సెల్స్ పెంచేవారట?" అనడిగింది.

పిపెట్ రాణి:
హెక్ 293 అని చెప్పండి. కిడ్నీవి. మీడియా పోసేటప్పుడు మెల్లగా పోయాలి, లేకపోతే అడుగు నుంచి ఊడి వచ్చేస్తాయి.