అప్‌డేట్: వర్చువల్ అసిస్టెంట్‌ని పెట్టుకున్నాం
మా ఇన్సూరెన్స్ ఏజెన్సీ పనులకి దూరం నుంచి పనిచేసే వర్చువల్ అసిస్టెంట్‌ని పెట్టుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా, పెట్టుకున్నాం. రెన్యువల్ తేదీలు గుర్తుచేయడం, క్లెయిమ్‌కి తక్కువైన కాగితాలు అడిగి తెప్పించడం, అడ్రస్ మార్పులు ఎక్కించడం అన్నీ ఆవిడే చూస్తున్నారు. చాలా టెన్షన్ తగ్గింది. చిక్కల్లా ఎక్కడంటే, కస్టమర్లు ఫోన్‌లో మాటల మధ్యలో "ఇది కవర్ అవుతుందా, ఏ పాలసీ తీసుకుంటే మంచిది" అని అడిగేస్తారు, అలాంటి సలహా ఇవ్వాలంటే లైసెన్స్ ఉండాలి, అందుకే ఆ ప్రశ్న రాగానే కాల్ నాకు కలిపేయమని ముందే రాసిచ్చాను. మీలో కొందరు చెప్పినట్టు నా పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఆవిడకి విడిగా లాగిన్ తీశాం, అందులో ఆరోగ్య వివరాలు, బ్యాంకు ఖాతాలు కనిపించవు. కొత్త పాలసీల కొటేషన్లు మాత్రం ఇంకా నేనే ఇస్తున్నా (ఆ పని వదలడం నాకే ఇష్టం లేదు లెండి).