రెయిడ్ 5లో ఒక డిస్క్ పోతే ముందు రీబిల్డా, కాపీయా?

స్టూడియో_తిరుపతి:
తిలక్ రోడ్డులో మాది ఫొటో స్టూడియో. నాస్ పెట్టెలో (నెట్‌వర్క్ మీద వాడుకునే స్టోరేజ్) నాలుగు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 5లో, అంటే ఒక డిస్క్ పోయినా మిగతా మూడింటి నుంచి డేటా తిరిగి వచ్చేలా. పెళ్లి వీడియోలన్నీ అందులోనే. పొద్దున చూస్తే మూడో డిస్కుకు ఎర్ర లైటు, ‘డిగ్రేడెడ్’ అని మెసేజ్. ఫైళ్లు మాత్రం తెరుచుకుంటున్నాయి. బ్యాకప్ సగానికే ఉంది. కొత్త డిస్క్ పెట్టి వెంటనే రీబిల్డ్ (పోయిన డిస్క్ డేటాను మిగతావాటి నుంచి మళ్లీ రాయించడం) చేయమంటున్నారు కొందరు, ముట్టుకోవద్దంటున్నారు ఇంకొందరు. చాలా టెన్షన్‌గా ఉంది.

కొర్లగుంట_కుర్రోడు:
వెంటనే మార్చేయండి అన్నా. రెయిడ్ 5 తట్టుకునేది ఒక్క డిస్క్ పోతేనే. ఈలోపు ఇంకోటి పోయిందంటే మొత్తం గోవిందా.

చిత్తూరు_లైనక్స్:
తొందరపడొద్దన్నా. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కుల్నీ ఖాళీ జాగాతో సహా మొదటి నుంచి చివరి దాకా చదవడం, అంటే 12 టీబీ. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు రాసేదే కోటి కోట్ల బిట్లు చదివితే ఒక రీడ్ ఎర్రర్ దాకా రావచ్చని, అది దాదాపు 12.5 టీబీ. మధ్యలో అలాంటిది తగిలితే చాలా కంట్రోలర్లు (డిస్కుల్ని నడిపే భాగాలు) రీబిల్డ్‌నే ఆపేస్తాయి. అదే ఫైళ్లు కాపీ చేసుకుంటుంటే పోయేది ఆ ఒక్క ఫైలే.

కొర్లగుంట_కుర్రోడు:
ఆ అంకె గరిష్ఠ పరిమితి బ్రో, ప్రతి 12 టీబీకీ ఎర్రర్ వస్తుందని కాదు. నెలనెలా స్క్రబ్ (డిస్కులన్నీ చదివించి తప్పులు చూసే పరీక్ష) పెట్టుకునేవాళ్ల డిస్కులు ప్రతిసారీ మొత్తం చదువుతూనే ఉన్నాయి కదా. పైగా కాపీ అయ్యేంతసేపూ రక్షణ లేకుండానే నడపాలి.

చిత్తూరు_లైనక్స్:
స్క్రబ్ చేసేవాళ్ల విషయంలో ఒప్పుకుంటా. ఇక్కడ చేశారని ఎవరూ చెప్పలేదు.

రేణిగుంట_సర్వీస్:
అసలు డిస్క్ పోయిందని ఎవరు తేల్చారు? ముందు నాలుగింటి స్మార్ట్ రిపోర్టూ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి సార్. అందులో 199వ నంబరు (డేటా వచ్చే దారిలోని తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌లోనో స్లాట్ కాంటాక్ట్‌లోనో ఉంటుంది. 5, 197, 198 (చెడ్డ సెక్టార్ల, అంటే డిస్క్ మీది చిన్న ముక్కల లెక్కలు) పెరుగుతుంటే డిస్కే. ఇంకోటి, డెస్క్‌టాప్ డిస్క్ చెడ్డ సెక్టార్ దగ్గర చాలాసేపు కుస్తీ పడుతుంది, జవాబు రావట్లేదని కంట్రోలర్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. నాస్ డిస్కులైతే మామూలుగా 7 సెకన్లకే వదిలేస్తాయి.

స్టూడియో_తిరుపతి:
చూశాను. అన్నిట్లో 199 సున్నా. మూడో దాంట్లో 197 దగ్గర 312 ఉంది. రెండో దాంట్లో కూడా 8 కనిపిస్తోంది. స్క్రబ్ ఎప్పుడూ పెట్టలేదు.

చిత్తూరు_లైనక్స్:
అయితే రీబిల్డ్ ఇప్పుడు అస్సలు వద్దు. బ్యాకప్ లేని వాటిలో ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లిళ్ల ఫుటేజ్ ముందు బయటికి తీయండి, పాతవి తర్వాత. అన్నీ వచ్చాక పెట్టె ఆపి, రెండో డిస్కును డీడీరెస్క్యూతో (చెడ్డ చోట్లను దాటుకుంటూ కాపీ చేసే ప్రోగ్రాం) కొత్తదానిమీదికి క్లోన్ చేసి, ఆ క్లోన్‌తో రీబిల్డ్ పెట్టండి. మూడోదాన్ని పారేయొద్దు, అవసరం పడొచ్చు. స్క్రీన్ మీద ‘ఇనిషియలైజ్’ (అంటే అంతా కొత్తగా మొదలుపెట్టడం) అని అడిగితే మాత్రం నొక్కొద్దు.

కొర్లగుంట_కుర్రోడు:
8 అంటే ఒక్క 4కే సెక్టారే (512 బైట్ల ముక్కలు ఎనిమిది) కావచ్చు. అయినా రెండో డిస్క్ మీద కూడా అనుమానం ఉంది కాబట్టి ఇక్కడ కాపీయే ముందు, సరే. మిగతా మూడూ శుభ్రంగా ఉండి స్క్రబ్ కూడా జరుగుతుంటే మాత్రం నేను రీబిల్డే అంటాను. అన్నా, ఆ పెట్టెకు యూపీఎస్ ఉందా? కాపీ మధ్యలో కరెంటు పోకుండా ముందు అది చూసుకోండి.