రెండు ఇయర్‌బడ్స్‌లో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

నా దగ్గర రెండు జతల ఇయర్‌బడ్స్ ఉన్నాయి. కొత్తవాటి ధర పాతవాటికి దాదాపు మూడింతలు. వాపసు ఇచ్చే గడువు దగ్గరపడుతోంది, ధరకు తగ్గ తేడా నిజంగా ఉందో లేదో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

పెట్టె మీది అంకెలతో లాభం లేదు. రెండింటికీ 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ అనే రాశారు. ఆ మధ్యలో ఏ శబ్దం ఎంత పైకి లేస్తుందో, ఎక్కడ తగ్గుతుందో చెప్పకపోతే ఆ అంకెలు ఎందుకు? డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) సైజు సంగతీ అంతే.

అందుకే చెవినే నమ్ముకున్నాను. కొత్తవాటిలో బేస్ దిట్టంగా ఉంది, కానీ పాటలో 'స' అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. పాతవాటిలో గొంతు హాయిగా ఉంది, డ్రమ్ దెబ్బే పలచగా వినిపించేది. వాటికి ఒక సైజు పెద్ద సిలికాన్ టిప్స్ వేసి, చెవికి బాగా పట్టేలా పెట్టాక ఆ బేస్ చాలావరకు వచ్చేసింది!

సౌండ్ కాస్త ఎక్కువున్నదే మనకు బాగున్నట్టు అనిపిస్తుంది కదా. మీటర్ లేకుండా రెండింటి వాల్యూమ్ సమానం చేసే పద్ధతి ఏదైనా ఉందా? ఈక్వలైజర్‌లో 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గిస్తే ఆ గుచ్చుకోవడం పోతుందా, లేక పాట మొత్తం మందగిస్తుందా? బ్లూటూత్‌లో పాటను పంపే పద్ధతి (కోడెక్) ఎస్‌బీసీ నుంచి ఎల్‌డాక్‌కి మారినప్పుడు మీకు తేడా తెలిసిందా? వాడి చూసినవాళ్ళు దయచేసి చెప్పండి.